దొరగారి చూపు

ప్రియమైన శ్రీవారికి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి. ఫోన్‌లో నేను గంట మాట్లాడితే మీరు "ఊఁ" అంటారు. మరీ మొహమాటపడితే "ఊఁ ఊఁ" అంటారు. అంతెత్తున క్రేన్ గదిలో ఒక్కరే కూర్చుని కూర్చుని మీకు మాట్లాడే అలవాటే పోయింది. ఉత్తరమైతే జవాబు రాయక తప్పదు కదా అని ఈ ఎత్తు వేశాను.

నేనూ పిల్లాడూ క్షేమంగానే ఉన్నాం. పరిశోధన కేంద్రం వెనక వీధిలో మేడ మీద గది దొరికింది. కింద చెప్పులు కుట్టే కొట్టు. కిటికీ తెరిస్తే జిగురు వాసన, మూస్తే ఉక్క. మన దొరగారికి రెండూ ఒకటే. నేను సామాను సర్దుతున్నంతసేపూ ఎప్పట్లాగే ఎటో చూస్తూ పడుకున్నారు. ఎవర్నీ లెక్కచెయ్యడు గనక దొర అని మీరు పెట్టిన పేరు ఇక్కడా పాకిపోయింది. కాయితాల్లో వాడికి ఒక నంబరు ఉంది గానీ, వరండాలో అందరూ "దొరగారు వేంచేశారా" అనే పలకరిస్తున్నారు.

ఇక్కడి పద్ధతి చెప్తాను. మన వాడి జన్యువులో ఉన్న లోపం ఎంత అరుదంటే, అలాంటి పిల్లలందర్నీ ప్రపంచమంతా గాలించి తెచ్చినా ఒక్క బస్సులో పట్టేస్తారట. అందుకే ఈ పిల్లలు ఎప్పుడు ఏది నేర్చుకుంటారో, ఎలా నేర్పితే అందుకుంటారో చెప్పేవాళ్ళు లేరు. అది కనిపెట్టడానికే వీళ్ళు కూర్చున్నారు. అందరికీ పెద్ద జన్యువుల డాక్టరు, ఆయన్ని పెద్దాయన అంటాం. కళ్ళ డాక్టరు ఒకరు. వినికిడి చూసే ఆవిడ ఒకరు. మెడా నడుమూ నిలబెట్టడం నేర్పే ఫిజియో ఆవిడ ఒకరు. వీళ్ళందరూ చూసినదాన్ని లెక్కకట్టే మనిషి ఇంకొకరు, ఆయన లెక్కలాయన. వారమంతా ఎవరి గదిలో వాళ్ళు పిల్లల్ని చూస్తారు. బుధవారం నాడు ఒకే బల్ల చుట్టూ కూర్చుని వాదించుకుంటారు. తల్లిదండ్రుల్ని కూడా కూర్చోమంటారు. నాకొక కుర్చీ వేశారు, పక్కన మీకొకటి. మీ కుర్చీలో ప్రస్తుతం నా చేతిసంచీ కూర్చుంటోంది.

ఇక అసలు సంగతి. దొర రోజులో హుషారుగా మేలుకుని ఉండేది కాసేపే. ఆ కాసేపట్లో రెండు రకాల పాఠాలు పట్టవు. చూపు ఉందని తేలితే చూపుతో నేర్పుతారు. లేదని తేలితే స్పర్శతోనూ చప్పుడుతోనూ నేర్పుతారు. కళ్ళు బాగానే ఉన్నాయట. కళ్ళు పంపింది మెదడు అందుకుంటోందా లేదా అన్నదే తేలాలి. మెదడు చూడటం నేర్చుకునే వయసు ఇదేనట. ఇప్పుడు వదిలేస్తే తర్వాత నేర్పడం చాలా కష్టమట. వచ్చే నెల బల్ల దగ్గర తేల్చేస్తారు.

నేనైతే వాడు చూస్తాడనే అంటున్నాను. నిన్నెప్పుడైనా చూశాడా అని అడక్కండి. చూడలేదు. అయినా అంటున్నాను.

సెలవు పెట్టి ఒక్కసారి రండి.

మీ
మొండిఘటం


ప్రియమైన మొండిఘటానికి,

ఊఁ.

కోప్పడకు, సరదాకి రాశాను.

నీ ఉత్తరం క్రేన్ గదిలోకి పట్టుకెళ్ళి చదివాను. పైన గాలికి ఎగిరిపోకుండా మోకాలి కింద పెట్టుకుని, ఒక్కో పేజీ లాగి చదవాల్సివచ్చింది. ఇల్లు బాగానే ఉంది. నీ కుట్టుమిషను మీద దుప్పటి కప్పాను. నువ్వు సగంలో వదిలేసిన గౌను కోసం ఆ పాప వాళ్ళమ్మ వచ్చింది. "ఆవిడ లేకపోతేనేం, మిగతాది నేను కుట్టి ఇస్తాను" అన్నాను. భయపడి గుడ్డతో సహా పట్టుకెళ్ళిపోయింది.

సెలవు కష్టం. రేవులో కొత్త క్రేన్ బిగిస్తున్నారు. దాని మీదికి నన్ను తప్ప ఎవర్నీ ఎక్కించనని మా ఫోర్‌మన్ పట్టుబట్టాడు. అదయ్యాక ఓడలు వరసగా ఉన్నాయి. అవీ అయ్యాక చూద్దాం. బల్ల దగ్గర నా కుర్చీలో నీ సంచీ కూర్చుంటే వచ్చిన నష్టమేమిటి? అది నాకంటే తక్కువేం మాట్లాడదు.

అయినా నేను వచ్చి చేసేదేముంది? దొరకి నేను గదిలో ఉన్నా లేకపోయినా ఒకటే కదా.

వాడి మెడ ఎలా ఉంది? తల ఇంకా పక్కకి వాల్చేస్తున్నాడా? నీ మణికట్టు నొప్పి తగ్గిందా? మొండికేసి ఒంటిచేత్తో ఎత్తకు.

ఇట్లు,
మేఘాల మీద ఉద్యోగి


ప్రియమైన మేఘాల ఉద్యోగికి,

"ఉన్నా లేకపోయినా ఒకటే" అని రాశారు చూడండి, అది చదివి నాకు ఒళ్ళు మండింది. దాని సంగతి మీరు ఎదురుపడ్డాక తేలుస్తాను. ముందు ఇది చదవండి.

చూపు పరీక్ష అయింది. బూడిదరంగు గోడల గది. బొమ్మలు లేవు, కిటికీ లేదు. ఎదురుగా ఒక తెర, దాని నెత్తిన చిన్న కెమెరా. తెర మీద ఒక పక్క బొమ్మ వస్తుంది, ఇంకో పక్క ఏమీ ఉండదు. చూపున్న పిల్లలు బొమ్మ ఉన్న వైపు తిరుగుతారట. బిడ్డ మన ఒళ్ళో ఉంటుంది. మన కళ్ళకి మాత్రం నల్లద్దాలు పెట్టేస్తారు, చీకటి తప్ప ఏమీ కనబడదు. బొమ్మ ఎటుందో మనకి తెలిస్తే మనకి తెలియకుండానే అటు ఒరుగుతామట, బిడ్డ ఆ కదలికని పట్టేస్తుందట. మాట్లాడకూడదు కూడా. పక్కగదిలో అద్దం వెనక నుంచి లెక్కలాయన ఒక్కో బొమ్మకీ "చూశాడు", "చూడలేదు" అని కాయితం మీద గుర్తు పెడతాడు.

దాదాపు అన్నిటికీ "చూడలేదు" అనే వచ్చింది. కళ్ళ డాక్టరు మంచివాడే, చెప్పడానికి ఇబ్బందిపడ్డాడు. "ఇంకోసారి చేద్దామమ్మా. అప్పుడూ ఇదే వస్తే స్పర్శ పాఠాలు మొదలుపెట్టడం నయం. ఊరికే ఆశపెట్టుకుని పిల్లాడి సమయం పాడుచెయ్యకూడదు" అన్నాడు.

బుధవారం బల్ల దగ్గర ఫిజియో ఆవిడ ఊరుకోలేదు.

"మీరు చూపుని పరీక్షించామనుకుంటున్నారు. మీరు పరీక్షించింది మెడని. తల నిలబెట్టుకోవడానికే వాడి బలమంతా అయిపోతోంది. ఇక చూడ్డానికి ఏం మిగుల్తుంది?" అంది.

"పడుకోబెట్టి చేస్తే తెర ఉండాల్సిన చోటే మారిపోతుంది. అప్పుడు మిగతా పిల్లలతో పోల్చడానికి ఉండదు" అన్నాడు కళ్ళ డాక్టరు.

"పడుకోబెట్టమని నేనన్నానా?"

"మరేం చెయ్యమంటారు?"

ఇద్దరి గొంతులూ వరండాలోకి వినిపించాయి. ఆఖరికి పెద్దాయన, "ఆవిడ గదిలో ఆవిడ మెడ చూసి, మీ గదిలో మీరు కళ్ళు చూస్తే పిల్లాణ్ణి చూసేదెవరయ్యా? ఇద్దరూ ఒకే గదిలోకి పొండి" అన్నాడు. ఈసారి దొర తలని దవడల కింద నుంచి ఎవరైనా ఆసరాగా పట్టుకుని ఉండగా పరీక్ష చెయ్యాలని తేల్చారు.

ఎవరు పట్టుకోవాలన్నదే పేచీ. ఫిజియో ఆవిడ పట్టుకోకూడదు. జవాబు ఇలా వస్తే బాగుండునని కోరుకునే మనిషి చేతుల్ని నమ్మకూడదని ఆవిడే అంది. కొత్తవాళ్ళయితే పిల్లలు ఏడుస్తారు గనక ఇంటివాళ్ళే పట్టుకోవడం ఇక్కడి నియమం. నేను పట్టుకుని చూశాను. బిడ్డల్ని ఎత్తే తల్లులకి వచ్చే మణికట్టు వాపేనట నాది, పట్టీ వేశారు. కాసేపటికే చెయ్యి వణికింది, నాతోపాటు వాడి తలా వణికింది.

"మీవారి చేతులు ఎలా ఉంటాయి?" అని అడిగింది ఆవిడ.

"పెద్దవి. సీసా మూత తియ్యమంటే సీసా పగలగొడతారు. కానీ ఓడలోంచి గాజు సామాను దించితే ఒక్కటీ పగలదు" అన్నాను.

"ఆ చేతులే కావాలి" అంది.

బల్ల దగ్గర తేల్చేసే వారంలోనే సోమవారం నాడు పరీక్ష. అదే ఆఖరిది. ఫోర్‌మన్‌తో ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి. మీరు రావాలి.

ఎదురుచూస్తూ,
మీ మొండిఘటం


ప్రియమైన నీకు,

రాలేను.

క్రేన్ బిగించడం ఎప్పుడో అయిపోయింది. ఓడలు కూడా పెద్దగా లేవు. ఫోర్‌మన్ సెలవిస్తానన్నాడు, నేనే వద్దన్నాను. నీకు సాకులు రాసి రాసి నాకే విసుగొచ్చింది, అందుకని ఉన్నమాట రాస్తున్నాను.

వాడికి మూడో నెల నడుస్తున్నప్పుడు, నువ్వు స్నానానికి వెళ్తే నేను ఉయ్యాల మీదికి వంగాను. నవ్వాను. ఈల వేశాను. టోపీ పెట్టుకున్నాను, తీశాను, మళ్ళీ పెట్టుకున్నాను. వాడి చూపు నా మొహం మీదుగా వెళ్ళిపోయింది, గోడ మీదుగా వెళ్ళినట్టే. నువ్వు తల తుడుచుకుంటూ వచ్చి ఏం చేస్తున్నారంటే, "దొరగారు మనల్ని లెక్కచెయ్యడం లేదు" అన్నాను. నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను. ఆ పేరు అలా వచ్చింది.

ఇప్పుడు వాడి తల నా చేతుల్లో పెట్టి "చూడలేదు" అని రాసుకుంటే, ఆ తీర్పు నా చేతుల మీదుగా వచ్చినట్టుంటుంది. ఇక జన్మలో వాణ్ణి ఎత్తుకోలేనేమోనని భయం. నాకు అంత గుండె లేదు. మీ తమ్ముణ్ణి పిలిపించు. వాడి చేతులూ పెద్దవే.

నన్ను తిట్టు, పడతాను.

నీ
పనికిరాని మొగుడు


ప్రియమైన పిరికి మొగుడికి,

తమ్ముణ్ణి పిలవను. పిల్లాడికి తండ్రి నిక్షేపంలా ఉన్నాడు.

ఉయ్యాల దగ్గర సంగతి నాకు చెప్పకుండా ఇన్నాళ్ళు మోశారే, అందుకు ఏడ్చాను. ఏడవడం అయిపోయింది. ఇక వినండి.

నల్లద్దాల గురించి మీరు సరిగ్గా చదివినట్టు లేరు. మీకు ఏమీ కనబడదు. వాడు చూశాడో లేదో మీకు తెలిసే దారే లేదు. అద్దం వెనక కూర్చుని అంతా చూడాల్సింది నేను. భయపడే హక్కేమైనా ఉంటే అది నాది. అయినా వెళ్ళి కూర్చుంటాను.

ఇంకోమాట. "చూడలేదు" అనే రానివ్వండి. అప్పుడు స్పర్శ పాఠాలు చెప్పాలి. వాటికి మాత్రం ఏం కావాలి? చేతులే కదా! ఎటు తిరిగినా మీ చేతులు తప్పవు. క్రేన్ పైనుంచి అవి ఇంతదూరం చాచలేరు.

ఎలా పట్టుకోవాలో ఫిజియో ఆవిడ చెప్పింది. దోసిట్లో నీళ్ళు పట్టినట్టు పట్టాలి. దవడలు అరచేతుల్లో ఆనాలి, వేళ్ళు చెవుల వెనక్కి వెళ్ళాలి. బిగించకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వాడు తల ఎటు తిప్పితే చేతులు అటు వెళ్ళాలి. సరిచెయ్యకూడదు, తెర వైపు తిప్పకూడదు. బకెట్టులో నీళ్ళు పోసి బంతి వేసి, దాన్ని ముంచకుండా పట్టుకుని, అది తిరిగినట్టల్లా తిరుగుతూ సాధన చెయ్యండి.

సోమవారం పొద్దున్న బస్టాండులో ఉంటాను. మీరు దిగకపోతే నేనే వచ్చి ఆ క్రేన్ మీంచి దింపుతాను. ఎక్కడం రాకపోయినా ఎక్కుతాను, ఆ సంగతి మీకు తెలుసు.

మీ
ధర్మపత్ని


ప్రియమైన మొండిఘటానికి,

వచ్చినవాణ్ణి వచ్చినట్టే చెప్పకుండా బస్సెక్కేశానని మండిపడుతుంటావు. ఫోన్ ఎత్తనిది కూడా అందుకే. నువ్వేం చెప్తావోనని.

నల్లద్దాలు తీసి వరండాలోకి వచ్చాను. లెక్కలాయన ఎవరితోనో "తెర వైపు చూడనే లేదు" అంటుంటే విన్నాను. నువ్వింకా పక్కగదిలోంచి బయటికి రాలేదు. నీ మొహం చూడాల్సివస్తుందని దొరని ఫిజియో ఆవిడ చేతికిచ్చి మెట్లు దిగిపోయాను. తప్పే. 

లోపల జరిగింది నాకు తెలిసినంత రాస్తాను. అంతా చీకటి. వాడి దవడలు నా అరచేతుల్లో ఉన్నాయి. మొదట తల బరువుగా వాలింది. తర్వాత బరువు తగ్గింది, నా చేతుల్ని నమ్మినట్టనిపించింది. అంతవరకూ బాగుంది. ఆ తర్వాత పక్కకి తిప్పడం మొదలుపెట్టాడు. పక్కకీ, పైకీ. నేను సరిగ్గా పట్టుకోలేదేమో అనుకున్నాను. ఎన్నిసార్లు మధ్యకి వచ్చినా మళ్ళీ అటే తిప్పాడు, తిప్పి అలాగే ఉండిపోయాడు. వాడి ఊపిరి నా మెడకి తగుల్తోంది. తెర ఎదురుగా ఉందనీ, వాడు దానికి దూరంగా తిరిగిపోయాడనీ నాకు తెలుస్తూనే ఉంది. తిప్పేద్దామని చేతులు లాగాయి. నువ్వు రాసింది గుర్తొచ్చింది. తిప్పలేదు. పరీక్ష పోతోందని తెలిసి కూడా చేతులు కదపకుండా కూర్చున్నాను. అంత కష్టమైన పని క్రేన్ మీద ఎన్నడూ చెయ్యలేదు.

బస్సులో కూర్చున్నాక దుఃఖం వస్తుందనుకున్నాను. రాలేదు. అరచేతుల్లో వాడి వెచ్చదనం అలాగే ఉంది. ఇక జన్మలో ఎత్తుకోలేనేమో అని రాశాను చూడు, దిగేసరికి మళ్ళీ ఎప్పుడు ఎత్తుకుంటానా అనిపించింది. వాడు నన్ను చూడకపోతే పోనీ. నేను వాణ్ణి చూస్తాను. మూడో నెలనుంచీ నేను ఆ పని మానేశాను, అది ఇప్పుడు తెలిసింది.

ఫోర్‌మన్‌తో మాట్లాడాను. నువ్వున్న ఊళ్ళో మా కంపెనీ గిడ్డంగి ఒకటుంది. అక్కడ సరుకులెత్తే బండి నడిపే పని ఖాళీగా ఉందట. నేల మీద ఉద్యోగం. అడిగాను, ఇచ్చారు. నెలాఖరుకి వచ్చేస్తాను. స్పర్శ పాఠాలు ఎవరు చెప్తారో కనుక్కుని ఉంచు. మొదటి పాఠంనుంచే కూర్చుంటాను.

నా కుర్చీలోంచి నీ సంచీ తియ్యి.

ఇట్లు,
దొరగారి నాన్న


ప్రియమైన దొరగారి నాన్నకి,

సంచీ తీసేశాను.

ఇది ఫోన్‌లో చెప్పొచ్చు. మీరు ఎత్తితే. ఎత్తినా "ఊఁ" అంటారు. ఇది "ఊఁ"తో పోయే సంగతి కాదు గనక కూర్చుని చదవండి. క్రేన్ మీద మాత్రం చదవకండి.

ఆ రోజు నేను బయటికి రానిది ఏడుస్తూ కాదు. పక్కగదిలో కళ్ళ డాక్టరు చొక్కా పట్టుకున్నంత పనిచేసి, ఆ వీడియో మళ్ళీ వెయ్యమని పోరుపెడుతున్నాను. నాకేదో కనిపించింది. కానీ తల్లి కళ్ళకి కావలసింది కనిపిస్తుందని వాళ్ళంటారు కదా, అందుకే వాళ్ళనే చూడమన్నాను. "బుధవారం అందరం కలిసి చూద్దాం" అన్నాడు.

బుధవారం లెక్కలాయన చదివాడు. "చూడలేదు, చూడలేదు, చూడలేదు." తర్వాత గోడ మీద వీడియో వేశారు.

"ఆపండి. ఇక్కడ తల వాలలేదు, తిప్పాడు. వాలడం వేరు, తిప్పడం వేరు" అంది ఫిజియో ఆవిడ.

"అటువైపు ఏదైనా చప్పుడైందేమో, అందుకు తిరిగాడేమో" అంది వినికిడి ఆవిడ. రికార్డు పెట్టి విన్నారు. ఏ చప్పుడూ లేదు. మీరు నోరే విప్పలేదు. పెళ్ళయ్యాక మీ మౌనం అక్కరకొచ్చింది ఇదే మొదటిసారి.

కళ్ళ డాక్టరు లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. బొమ్మని పెద్దది చేయించాడు. దొర కళ్ళు మీ గడ్డం మీద ఉన్నాయి. అక్కణ్ణుంచి పైకి వెళ్ళాయి, నల్లద్దాల దగ్గర ఆగాయి, మళ్ళీ గడ్డం దగ్గరికి వచ్చాయి. తెర మీద బొమ్మ మారింది. వాడు మారలేదు.

"మన కాయితంలో తెర వైపు చూశాడా లేదా అనే ఉంది. ఇంకెటు చూశాడో రాసుకునే చోటే లేదు" అన్నాడు ఆయన మెల్లగా.

నేను లేచి గంతేసేదాన్నే, పెద్దాయన లేవనివ్వలేదు. "నలుపంటే చంటిపిల్లలకి ఇష్టం. తండ్రిని కాక ఆ నల్లద్దాల్ని చూశాడేమో. పైగా ఒక్కసారి చూసినదాంతో చూపుందని రాయలేం. తేలేదాకా సంతోషించకండి" అన్నాడు. నాకు కోపమొచ్చింది. కానీ ఆయన అడిగింది న్యాయమే. "అయితే అదీ తేల్చండి" అన్నాను.

మర్నాడు ఇంటివాళ్ళే పట్టుకోవాలన్న నియమాన్ని ఒక్కసారికి పక్కనపెట్టి, లెక్కలాయనకే ఆ నల్లద్దాలు పెట్టి కూర్చోబెట్టారు. పాపం, పెళ్ళికాని మనిషి, బిడ్డ తల పట్టుకోవాలంటే చెమటలు పట్టాయి. దొర కాసేపు ఏడ్చాడు. తర్వాత తల పైకి తిప్పి ఆయన్ని ఒకసారి చూశాడు. చూసి, నాకు అక్కర్లేదన్నట్టు ఎదురుగా తెర వైపు తిరిగి బొమ్మలు చూడటం మొదలుపెట్టాడు. అన్నీ కాదు. కానీ గుడ్డిగా తిరిగితే వచ్చే లెక్క కాదు అది. అద్దం వెనక నుంచి కళ్ళ డాక్టరు పెట్టిన గుర్తుల్ని, నల్లద్దాలు తీశాక లెక్కలాయనే రెండుసార్లు సరిచూశాడు.

చూపు ఉంది. దగ్గరగా ఉన్నవాటికే, తలకి ఆసరా ఉంటేనే, అదీ కాసేపే. పెద్దయ్యాక ఎంత వస్తుందో ఎవరూ మాటివ్వడం లేదు, నేనూ అడగడం లేదు. ఉంది, అది చాలు. చూపు పాఠాలు మొదలుపెట్టేశారు. నిన్న ఫిజియో ఆవిడ తల పట్టుకుంటే నేను ఎదురుగా కూర్చున్నాను. నా మొహం మీద ఆగాడు. ఎంతసేపో నాకు తెలియదు, అంతా మసగ్గా కనబడింది.

ఇంకో సంగతి కూడా వినండి. "చూడలేదు" అని రాసిన పిల్లలందరి వీడియోలూ మళ్ళీ మొదట్నుంచీ చూడాలని బల్ల దగ్గర తీర్మానించారు. కాయితంలో కొత్తగా "ఎటు చూశాడు" అన్న గడి చేర్చారు. మేడ మీద మన పక్కగదిలో ఒకావిడ ఉంటోంది, వాళ్ళ పాపకి చూపు లేదని నాలుగు నెలల కిందటే తేల్చారు. వరండాలో ఈ మాట విని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. వాళ్ళ పాపకి ఏం తేలుతుందో తెలియదు. కానీ ఈసారి అందరూ ఒకే గదిలో కూర్చుని చూస్తారు.

దొర అన్న పేరు ఇక మార్చాలేమో. ఎవర్నీ లెక్కచెయ్యకపోవడం కాదు, వాడి లెక్క వాడికి ఉంది. వద్దులెండి, అలవాటైపోయింది.

వాడికి చూపు లేదనుకుని కూడా మీరు ఉద్యోగం మార్చుకున్నారు. ఆ ఉత్తరం దాచిపెట్టాను. వాడికి చదవడం వచ్చాక ముందు అదే ఇస్తాను.

పెద్దాయన అన్నదాంట్లో ఒక్కటే మిగిలిపోయింది. లెక్కలాయన్ని ఒకసారి చూసి వదిలేశాడు సరే, అవే అద్దాలు పెట్టుకున్న మిమ్మల్ని పరీక్ష అయ్యేదాకా ఎందుకు వదల్లేదు అని లెక్కలాయనే అడిగాడు. దానికి కాయితంలో గడి లేదన్నాడు పెద్దాయన. జవాబు నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఇన్నాళ్ళూ వాడు మిమ్మల్ని చూడలేదని కుమిలిపోయారు. వాడు కళ్ళార్పకుండా మిమ్మల్నే చూస్తున్న ఆ కాసేపూ, ఆ గదిలో చూడలేకపోయింది మీరొక్కరే.

త్వరగా రండి. ఈసారి అద్దాలు లేకుండా పట్టుకోండి.

మీ రాక కోసం, ఇద్దరం చూస్తూ,
మీ మొండిఘటం